థైరాయిడ్ లింఫోమా: ఒక పీజీ విద్యార్థికి ఉత్తరం



పాఠ్యపుస్తకాలు అవటు గ్రంథి అనీ, జనం థైరాయిడ్ అనీ పిలిచే గ్రంథిలో పుట్టే క్యాన్సర్లలో లింఫోమా వాటా నూటికి ఒకటి నుంచి ఐదు. లింఫు గ్రంథుల బయట పుట్టే లింఫోమాలన్నిటిలో చూసినా థైరాయిడ్‌కు దక్కేది నూటికి రెండు, మహా అయితే కొంచెం పైన. ఇంత అరుదైన జబ్బు ఒక వైద్యుడికి వృత్తి జీవితం మొత్తంలో ఏ పదిసార్లో ఎదురవుతుంది. ఆ పదిసార్లూ పట్టుకోవాల్సిందే. ఎందుకంటే దీనికి ఒక జంట జబ్బు ఉంది: అనాప్లాస్టిక్ కార్సినోమా. పైకి రెండింటిదీ ఒకే రూపం. అరవై, డెబ్బై ఏళ్ళ స్త్రీ, వారాల్లో పెరిగిపోయిన గొంతు గడ్డ, ఆయాసం. కార్సినోమా చాలామందిని కొద్ది నెలల్లో తీసుకుపోతుంది. లింఫోమా మందు పడగానే మంచుగడ్డలా కరుగుతుంది. ఏది ఏదో చెప్పేది వేలి స్పర్శ కాదు, స్కాను కాదు, గడ్డ నుంచి తీసిన ముక్క.

ఈ జబ్బును ప్రైమరీ థైరాయిడ్ లింఫోమా అంటారు. ప్రైమరీ అనే మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం ఉంది. జబ్బు థైరాయిడ్‌లోనే మొదలై ఉండాలి. అక్కడే ఆగినా, పక్కనున్న మెడ గ్రంథులకు పాకినా ప్రైమరీయే. ఒంట్లో మరోచోట పుట్టిన లింఫోమా పోతూపోతూ థైరాయిడ్‌ను కూడా తాకితే అది వేరే లెక్క.

ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్‌లో లింఫు కణజాలం ఉండదు. లేని కణజాలానికి క్యాన్సర్ ఎలా వస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ వేయకముందే, 1912లో, జపాన్‌లోని ఫుకువోకాలో సగం జవాబు దొరికింది. క్యూషు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యువ శస్త్రవైద్యుడు హకరు హషిమోటో నలుగురు స్త్రీల నుంచి తీసిన థైరాయిడ్ ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, గ్రంథి నిండా లింఫోసైట్లు గుమిగూడి ఉండడం చూశాడు. జర్మన్ పత్రికలో రాసిన వ్యాసంలో దానికి స్ట్రూమా లింఫోమటోసా అని పేరు పెట్టాడు. నేడు అదే హషిమోటో థైరాయిడైటిస్. శరీరపు రక్షణ వ్యవస్థ సొంత గ్రంథి మీదే యుద్ధం ప్రకటించే జబ్బు. ఆ యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతుంటే బి-లింఫోసైట్లు అదేపనిగా విభజన చెందుతూ ఉంటాయి. వాటిలో ఏదో ఒక కణంలో జన్యుదోషాలు పేరుకుని, ఆ ఒక్కదాని సంతానమే గ్రంథినంతా ఆక్రమిస్తే అది లింఫోమా.

మిగతా సగం జవాబు 1983లో వచ్చింది. పీటర్ ఐజాక్సన్, డెనిస్ రైట్ అనే ఇద్దరు పాథాలజిస్టులు జీర్ణకోశపు లింఫోమాలను పరిశీలిస్తూ మాల్ట్ (శ్లేష్మపొరల లింఫు కణజాలపు) లింఫోమా అనే కొత్త తరగతిని ప్రతిపాదించారు. జీర్ణాశయంలో హెలికోబ్యాక్టర్ క్రిమి రేపే దీర్ఘకాలపు వాపు ఏం చేస్తుందో థైరాయిడ్‌లో హషిమోటో అదే చేస్తుంది. ఒక్కటే తేడా. హెలికోబ్యాక్టర్‌ను యాంటీబయాటిక్‌తో తరిమేస్తే ఆ లింఫోమా కూడా చాలాసార్లు తోక ముడుస్తుంది. హషిమోటోను తరిమే మందు ఇంకా లేదు.

హషిమోటో ఉన్నవారికి థైరాయిడ్ లింఫోమా వచ్చే అవకాశం మిగతావారికంటే 40 నుంచి 80 రెట్లు ఎక్కువని అధ్యయనాలు లెక్క కట్టాయి. రెట్లు వింటే భయమేస్తుంది గాని అసలు సంఖ్య చాలా చిన్నది. హషిమోటో ఉన్న వందమందిలో ఒక్కరికి కూడా ఇది రాదు. థైరాయిడ్ మాత్ర వేసుకునే ప్రతి ఇల్లాలికీ ఈ పేరు చెప్పి నిద్ర పట్టకుండా చేయడం వైద్యం కాదు. కనిపెట్టి ఉండాల్సింది మార్పును. ఏళ్ళుగా ఒకేలా ఉన్న గొంతు వాపు ఒక్కసారిగా పెరగడం మొదలుపెడితే దాన్ని లింఫోమా కాదని తేలేవరకు లింఫోమాగానే చూడాలి.

రోగుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు స్త్రీలు. జబ్బు బయటపడే వయసు ఎక్కువగా అరవై దాటాక. గడ్డ పెరగడానికి పట్టే కాలం ఒకటి నుంచి మూడు నెలలు. అడిగే పద్ధతి తెలిస్తే రోగే తారీఖులు చెబుతుంది. గడ్డ ఎప్పటి నుంచి అని అడిగితే పదేళ్ళ నుంచి అంటుంది, అదీ నిజమే. మెడలో నల్లపూసలు ఎప్పటి నుంచి బిగుతయ్యాయని అడిగితే సంక్రాంతి తరవాత అంటుంది. కావలసింది ఆ రెండో జవాబు. ముద్ద మింగుడు పడకపోవడం, గొంతు బొంగురు, పడుకుంటే ఊపిరాడకపోవడం, శ్వాస లోపలికి పీల్చేటప్పుడు కూత, వీటిని విడివిడిగా అడగాలి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అనే లింఫోమా లక్షణాలు పదిమందిలో ఒకరికే ఉంటాయి కనుక అవి లేవని ధైర్యపడకూడదు. గడ్డ గట్టిగా, చుట్టూ అతుక్కుని, నొప్పి లేకుండా ఉంటుంది. రెండు చేతులూ చెవులకు ఆనేలా పైకెత్తించి ఒక నిమిషం ఉంచితే కొందరికి ముఖం కందగడ్డలా ఎర్రబారి మెడ నరాలు ఉబ్బుతాయి. పెంబర్టన్ గుర్తు అంటారు దీన్ని. గడ్డ ఛాతీలోకి దిగి పెద్ద సిరలను నొక్కుతోందని అర్థం. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, అందుకేనేమో ఈ మధ్య ఎవరూ చేయడం లేదు.

రక్తపరీక్షల్లో మూడో వంతు మందికి పైగా థైరాయిడ్ మందగించి ఉంటుంది. టీపీఓ యాంటీబాడీలు ఎక్కువమందిలో ఉంటాయి. ఇవి నేపథ్యాన్ని చెబుతాయి గాని లింఫోమాను చూపవు. తీవ్రంగా మందగించిన థైరాయిడ్‌తో రోగిని మత్తుమందుకు పంపకూడదు కాబట్టి టీఎస్‌హెచ్ ఫలితం మాత్రం ముందే చేతిలో ఉండాలి.

అల్ట్రాసౌండ్‌లో ఈ జబ్బుకు ఒక విచిత్రమైన రూపం ఉంది. గడ్డ దాదాపు నీటితిత్తిలా నల్లగా కనిపిస్తుంది, దాని వెనక భాగం మాత్రం వెలుగుతుంది. ఒకే రకం కణాలు సందు లేకుండా కిక్కిరిసి ఉండడంతో శబ్ద తరంగాలకు తగిలి వెనుదిరిగే గోడలు దొరకవు, అవి నేరుగా అవతలికి పోతాయి. సున్నపు చుక్కలు అరుదు. మధ్యలో కుళ్ళి గుల్లబారడమూ అరుదు. అనాప్లాస్టిక్‌లో ఈ రెండూ తరచుగా ఉంటాయి, స్వరతంత్రి చచ్చుబడడమూ అక్కడే ఎక్కువ. అయినా ఇవన్నీ మొగ్గు చూపేవే. నల్లటి హషిమోటో గ్రంథిని చూసి లింఫోమా అనుకోవడం, లింఫోమాను చూసి హషిమోటోయేలే అనుకోవడం రెండూ జరుగుతాయి.

ఇక ముక్క సంగతి. ఈ జబ్బులో సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

థైరాయిడ్ గడ్డ అనగానే అలవాటుగా చేసేది సన్న సూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ. పాపిల్లరీ క్యాన్సర్‌ను పట్టడంలో దానికి సాటి లేదు. లింఫోమా దగ్గర అదే పరీక్ష తడబడుతుంది. సూదిలోకి వచ్చేవి విడివిడి లింఫోసైట్లు. హషిమోటోలో వచ్చేవీ లింఫోసైట్లే. కణాలు పెద్దవై వికారంగా ఉండే రకాన్ని అనుభవమున్న కన్ను పట్టేస్తుంది గాని, చిన్న కణాల మాల్ట్ రకం హషిమోటో ముసుగులో తప్పించుకుంటుంది. వేగంగా పెరిగిన గడ్డలో హషిమోటో అని రిపోర్టు వస్తే అది జవాబు కాదు, పరీక్ష చాల్లేదన్న మాట. సన్న సూదితో తీసిన దాన్ని ఫ్లో సైటోమెట్రీకి కూడా పంపితే కొంత మేలు. కణాలన్నీ కప్పా గాని లాంబ్డా గాని ఒకే రకం గొలుసు మోస్తున్నాయా అని ఆ యంత్రం లెక్కిస్తుంది. ఒకే గొలుసు అంటే ఒకే కణం సంతానం.

సరైన దారి కోర్ బయాప్సీ. 16 లేదా 18 గేజి సూదితో, అల్ట్రాసౌండ్ చూస్తూ, చర్మానికి మాత్రమే మత్తిచ్చి, మూడు నాలుగు సన్నటి పోగులు తీస్తారు. కొత్త అధ్యయనాల్లో ఇది నూటికి తొంభైకి పైగా సందర్భాల్లో జబ్బును పట్టింది. ఊపిరి ఇబ్బందిగా ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టక్కర్లేదు, కూర్చోబెట్టి కూడా తీయొచ్చు. ముక్కలన్నిటినీ ఫార్మలిన్‌లో ముంచేయకుండా ఒకటి తాజాగా, సెలైన్‌లో, ఫ్లో సైటోమెట్రీకి పంపాలి. రిక్వెస్టు ఫారంలో లింఫోమా అనుమానం అన్న రెండు మాటలు రాయాలి. ఆ రెండు మాటలు లేక వారాలు వృథా అయిన కేసులు ప్రతి పెద్దాసుపత్రి రికార్డుల్లోనూ ఉంటాయి. కోర్‌తో తేలకపోతే చిన్న కోతతో ముక్క తీసే ఓపెన్ బయాప్సీ.

ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ముట్టకూడదు. ఆయాసంతో వచ్చిన మనిషికి దగ్గర్లోని క్లినిక్‌లో డెక్సామెథజోన్ ఇంజెక్షన్ చేయడం ఊళ్ళల్లో పరిపాటి. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కు గంటల్లో చావడం మొదలుపెడతాయి. రెండు రోజుల్లో గడ్డ సగమవుతుంది, ఇల్లంతా సంతోషిస్తుంది. తరవాత తీసిన ముక్కలో చచ్చిన కణాల గుజ్జు తప్ప ఏమీ ఉండదు. ఆయాసం పోయింది, దానితోపాటు జబ్బు పేరూ పోయింది. గడ్డ మళ్ళీ పెరిగేదాకా వేచి చూడడం తప్ప చాలాసార్లు దారి ఉండదు. ఊపిరి నిజంగా నిలిచిపోయే పరిస్థితిలో ప్రాణమే ముందు, సందేహం లేదు. కానీ కోర్ బయాప్సీకి పట్టేది పదిహేను నిమిషాలు. చాలామంది రోగులకు ఆ పదిహేను నిమిషాల వ్యవధి ఉంటుంది.

ప్రయోగశాలలో మొదటి ప్రశ్న ఇది కార్సినోమానా, లింఫోమానా అన్నది. సైటోకెరాటిన్ రంగు పట్టకుండా సీడీ45, సీడీ20 పడితే బి-కణ లింఫోమా. ఈ రంగులు లేని రోజుల్లో చిన్న కణాల అనాప్లాస్టిక్ కార్సినోమా అని ఒక రకం ఉండేది. పాత బ్లాకులను తిరిగి తీసి రంగులు వేసి చూస్తే వాటిలో చాలా భాగం లింఫోమాలే. ఆ పేరు ఇప్పుడు పుస్తకాల్లో లేదు. మాల్ట్ రకంలో లింఫోసైట్లు థైరాయిడ్ సంచుల్లోకి చొరబడి వాటిని బంతుల్లా నింపేస్తాయి. ఈ దృశ్యం చూస్తే మాల్ట్ దాదాపు ఖాయం. కి-67 అనే గుర్తు ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెబుతుంది. మాల్ట్‌లో ఆ సంఖ్య తక్కువ, బర్కిట్ లింఫోమాలో నూటికి నూరుకు దగ్గర.

రోగుల్లో సగానికి మించి, కొన్ని లెక్కల్లో మూడింట రెండొంతుల మందికి, వచ్చేది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. ఇది నేరుగా పుట్టొచ్చు, నిదానంగా ఉన్న మాల్ట్ నుంచి ముదిరి కూడా రావచ్చు. ఒకే గ్రంథిలో రెండూ పక్కపక్కన కనిపించడం తెలిసిందే. తరవాతి స్థానాలు మాల్ట్, ఫాలిక్యులర్ రకాలవి. మిగిలినవి అరుదైన దానిలో అరుదైనవి. బర్కిట్ రోజుల్లో రెట్టింపవుతుంది, దానికి మామూలు కీమో చాలదు. హాడ్జ్‌కిన్ చిన్న వయసువారిలో కనిపించి, గట్టిగా నారకట్టిన గ్రంథి వల్ల థైరాయిడైటిస్‌లా భ్రమింపజేస్తుంది. ప్లాస్మాసైటోమా దొరికితే మూలుగ పరీక్షించి, మైలోమా లేదని తేలాకే రేడియేషన్‌కు పంపాలి. టి-కణ లింఫోమా అన్నిటికంటే చిక్కు. హషిమోటోలో గుమిగూడే కణాల్లో టి-కణాలు కూడా దండిగా ఉంటాయి కనుక, టి-కణ గ్రాహక జన్యువు ఒకే రూపంలో ఉందా అని చూసేదాకా పాథాలజిస్టు నోరు విప్పకపోవడమే మంచిది.

జబ్బు ఎంత దూరం పాకిందన్నది ఆన్ ఆర్బర్ దశల్లో చెబుతారు. 1971 నాటి ఆ పద్ధతిని 2014లో లుగానో వర్గీకరణ సవరించింది. థైరాయిడ్‌కే పరిమితమైతే 1ఈ, మెడ లేదా ఛాతీ గ్రంథులకు పాకితే 2ఈ. రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఈ రెండు దశల్లోనే దొరుకుతారు. పెట్-సీటీ ఇందుకు ముఖ్య సాధనం, కానీ దానికీ రెండు మెలికలున్నాయి. హషిమోటో గ్రంథి లింఫోమా లేకుండానే స్కానులో వెలుగుతుంది. మాల్ట్ ఉన్నా సరిగా వెలగకపోవచ్చు. కీమో ముగిశాక థైరాయిడ్‌లో మిగిలిన వెలుగును చూసి జబ్బు మిగిలిందని కంగారుపడే ముందు ఈ మెలికలు గుర్తుండాలి. ఎల్‌డీహెచ్, హెచ్ఐవీ, గుండె ఎకో ఎటూ చేస్తారు. మరిచిపోయేది హెపటైటిస్-బి. పైపొర యాంటిజెన్‌తో పాటు కోర్ యాంటీబాడీ కూడా చూడాలి, ఎందుకంటే ఎప్పుడో వచ్చి నిద్రపోతున్న వైరస్‌ను రిటుక్సిమాబ్ లేపుతుంది, కాలేయం పాడై ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. అవసరమైనవారికి ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్ ముందే మొదలుపెట్టి, రిటుక్సిమాబ్ ఆపాక కనీసం ఏడాది కొనసాగిస్తారు.

చికిత్సలో మొదట చెప్పాల్సింది చేయకూడనిది. లార్జ్ బి-సెల్ రకంలో గ్రంథి మొత్తం తీసేయడం వల్ల ఆయుష్షు పెరగదు. అతుక్కుపోయిన గడ్డను ఒలవబోతే స్వరనాడి తెగుతుంది, పారాథైరాయిడ్లు పోతాయి, కాల్షియం జీవితాంతం మింగాలి, ఇంత చేసినా కీమో తప్పదు. ఒకప్పుడు వీలైనంత గడ్డ కోసి తగ్గించడమే ఆచారం. 1992 నాటికే అమెరికాలోని మేయో క్లినిక్ అనుభవం దానివల్ల లాభం లేదని చూపింది. ట్రకియాస్టమీ కూడా పుస్తకంలో ఉన్నంత సులభం కాదు. శ్వాసనాళానికి అడ్డంగా ఉన్నది గడ్డే, కోత దాని గుండానే పోవాలి. ముక్క తీసిన మరుక్షణం స్టెరాయిడ్ మొదలుపెడితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో దారి తెరుచుకుంటుంది. శస్త్రవైద్యుడు చేయగల మహోపకారం మంచి ముక్క తీసి ఇవ్వడం.

లార్జ్ బి-సెల్‌కు ప్రామాణిక చికిత్స ఆర్-చాప్. చదరపు మీటరుకు రిటుక్సిమాబ్ 375 మిల్లీగ్రాములు, సైక్లోఫాస్ఫమైడ్ 750, డాక్సోరూబిసిన్ 50, విన్‌క్రిస్టిన్ 1.4 (మొత్తం 2 మిల్లీగ్రాములు మించకుండా), ఐదు రోజులు ప్రెడ్నిసలోన్ మాత్రలు. 21 రోజులకొక విడత. చాప్ అనే నాలుగు మందులు పాతవే. రిటుక్సిమాబ్ 1997లో అమెరికాలో అనుమతి పొందింది; 60 నుంచి 80 ఏళ్ళవారిలో దాన్ని చాప్‌కు కలిపితే ఎక్కువమంది బతుకుతున్నారని 2002లో ఫ్రెంచి బృందం నిరూపించింది. ఖరీదు ఆకాశాన్నంటే ఈ మందుకు 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ రెడిటక్స్ పేరుతో బయోసిమిలర్ తెచ్చింది, ప్రపంచంలోనే మొదటిది. ఆ తరవాతే మన సామాన్య రోగులకు ఆర్-చాప్‌లోని మొదటి అక్షరం దక్కింది.

తొలి దశల్లో రెండు దారులున్నాయి: మూడు నాలుగు విడతల కీమో వేసి మెడకు 30 నుంచి 36 గ్రేల రేడియేషన్, జనభాషలో కరెంటు, లేదా రేడియేషన్ లేకుండా ఆరు విడతల కీమో. గడ్డ పెద్దదా, రోగి వయసెంత, గుండె ఎలా ఉంది అన్నవి ఎంపికను నిర్ణయిస్తాయి. ఆరు విడతల్లో డాక్సోరూబిసిన్ మొత్తం చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములు. గుండె తట్టుకునే పరిమితి 450 నుంచి 550 మధ్య అంటారు కనుక ఆరోగ్యమైన గుండెకు ఇబ్బంది లేదు. ఎనభై దాటినవారికి మోతాదు తగ్గించిన మినీ-చాప్ ఉంది. మొదటి విడత రోజుల్లో పెద్ద గడ్డ ఒక్కసారిగా కరిగితే పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం పెరిగి మూత్రపిండాలు మొరాయిస్తాయి. సెలైన్, అల్లోప్యురినాల్ ముందు రోజే మొదలవ్వాలి.

మాల్ట్ 1ఈ దశలో ఉంటే 24 నుంచి 30 గ్రేల రేడియేషన్ ఒక్కటే చాలు. గాయిటర్ అనుకుని గ్రంథి తీసేశాక రిపోర్టులో మాల్ట్ అని తేలి, జబ్బు గ్రంథి దాటలేదని రూఢి అయితే కొందరిని ఊరికే కనిపెట్టి ఉన్నా సరిపోతుంది. కత్తికి చోటున్న ఏకైక రకం ఇదే. ఫాలిక్యులర్‌కు కూడా తొలి దశలో రేడియేషనే ముఖ్యం.

బర్కిట్ కథ వేరు. ఘాటైన కీమోతో పాటు మెదడును కాపాడేందుకు వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లే ప్రయోగశాలలో జరిగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచి వచ్చిన మందు అది. అదే రోగికి అదే వారంలో నరానికి ఎక్కే మరో మందు విన్‌క్రిస్టిన్, మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసినది. ఈ రెండు సిరంజీలు తారుమారై విన్‌క్రిస్టిన్ వెన్నులోకి వెళితే మరణం దాదాపు తప్పదు. ప్రపంచంలో ఎన్నో చోట్ల ఇది జరిగింది. అందుకే విన్‌క్రిస్టిన్‌ను సిరంజీలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని నియమం. వెన్నుకు ఇచ్చే రోజు, నరానికి ఇచ్చే రోజు వేరువేరుగా ఉంటే ఇంకా మంచిది.

అమెరికా జాతీయ క్యాన్సర్ నమోదులోని 1,400 మందికి పైగా రోగుల లెక్కల్లో, ఐదేళ్ళ తరవాత ఈ జబ్బు చేతిలో చనిపోకుండా ఉన్నవారు మాల్ట్‌లో నూటికి 96, ఫాలిక్యులర్‌లో 87, లార్జ్ బి-సెల్‌లో 75. వీరిలో ఎక్కువమంది రిటుక్సిమాబ్ రాకముందు వైద్యం పొందినవారే. జబ్బు తిరగబెడితే ఘాటు కీమో, మూలకణ మార్పిడి, కార్-టి ఉన్నాయి. మన దేశంలో తయారైన కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

వైద్యం ముగిశాక చూడాల్సినవి కొన్నే. రేడియేషన్ పడిన థైరాయిడ్ క్రమంగా పనిచేయడం మానేస్తుంది. ముందే మందగించి ఉన్నది మరీనూ. టీఎస్‌హెచ్ చూస్తూ థైరాక్సిన్ మోతాదు మార్చుకుంటూ పోవాలి. మాల్ట్ పదేళ్ళకు కూడా తిరిగి రావచ్చు, అదీ మెడలో కాకుండా జీర్ణాశయంలాంటి మరోచోట. అప్పుడు అది పాత జబ్బేనా, కొత్తదా అన్నది తేల్చడానికి మొదటిసారి తీసిన ముక్క మళ్ళీ కావాలి. పారాఫిన్ బ్లాకు ఏ ల్యాబులో ఉందో, దాని నంబరెంతో డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ కాగితం పారేయొద్దని రోగికీ, వెంట వచ్చిన కొడుక్కో కోడలికో విడిగా చెప్పి పంపాలి.